పొగ దాచిన బావి

ఎద్దువాగు పొంగి పంచాయతీ ఆఫీసు ఇనప బీరువాను ఎత్తుకుపోయిన వరదకు ఇది మూడో ఏడు. కంకరపాలెంలో ఏ లెక్కయినా ఆ వరద నుంచే. పిల్లల వయసులు, గేదెల ఈతలు, పాత తగాదాలు అన్నీ వరదకు ముందు, వరదకు తరవాత అనే చెప్పుకుంటారు. బీరువా రెండు మైళ్ల దిగువన తుమ్మల్లో దొరికింది. తలుపు తీస్తే కాగితాలు లేవు. కుంచెడు ఒండ్రుమట్టి, రెండు జెల్లచేపలు ఉన్నాయి. పోయిన కాగితాల్లో నాసరయ్య సున్నపుబట్టీ కాగితం ఒకటి.

ఆ బట్టీ నాసరయ్య తండ్రి కట్టింది. ఊరికి తూర్పున, మిట్ట మీద, రాతిగాదె లాగా ఉంటుంది. వరస రాయి, వరస బొగ్గు, మళ్లీ వరస రాయి పేర్చి అడుగున నిప్పు పెడితే మూడు రోజులు మండుతుంది. నాలుగో రోజు కింది కంతలో నుంచి సున్నం లాగుతారు. నాసరయ్యకు అరవై దాటాయి. ఈ పని తప్ప ఇంకో పని రాదు. మాటలు అసలే రావు. ఏదైనా ఒకసారి చెబుతాడు. వింటే విన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆయనచేత ఒక మాట రెండోసారి చెప్పించుకున్నవాడు ఊళ్లో లేడు. ఆ లోటు ఆయన భార్య సైదమ్మ తీరుస్తుంది.

శ్రావణమాసంలో ఒక పొద్దున జీపు వచ్చి బట్టీ ముందు ఆగింది. అందులో నుంచి మార్కండేయులు గారు దిగారు. కర్బన బంధన, భూగర్భ నిల్వల విభాగంలో ఆయన ఉపసంచాలకులు. విభాగం పుట్టి అప్పటికి నలభై రోజులు. ఆయన చొక్కా మడతలు కూడా ఇంకా కొత్తవే.

"ఈ బట్టీ ఎప్పటిది?" అన్నారు.

"మా నాయన కట్టిందండి" అన్నాడు నాసరయ్య.

"కాగితం?"

"బీరువాలో ఉండేదండి."

"బీరువా ఎక్కడ?"

నాసరయ్య వాగు వైపు చూశాడు.

మార్కండేయులు గారు కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. "కాగితం లేదంటే, పరిపాలనాపరంగా ఈ బట్టీ ఇవాళే పుట్టినట్టు. ఇవాళ పుట్టిన పరిశ్రమకు కొత్త నిబంధనలు వర్తిస్తాయి" అన్నారు.

డెబ్భై ఏళ్ల బట్టీ అట్లా ఒక్క పూటలో పసిబిడ్డ అయింది.

కొత్త నిబంధన ఏమిటంటే, బట్టీ పొగలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. దాన్ని ఆకాశంలోకి వదలకూడదు. పట్టుకుని, భూమిలో పెట్టి, వెయ్యేళ్లు కదలకుండా ఉంచాలి. ఆరు నెలలు గడువు. ఆ తరవాత పైనుంచి కమిటీ వచ్చి చూస్తుంది. భూమిలో వాయువు ఉంటే బట్టీకి ధ్రువపత్రం. లేకపోతే బట్టీని నేలమట్టం చేస్తారు.

సైదమ్మ కొంగు దోపుకుని ముందుకు వచ్చింది. "సారూ, అవతల పెద్ద ఫ్యాక్టరీ ఉంది గదా. మా బట్టీ ఏడాదంతా వదిలే పొగ దాని గొట్టం ఒక్క దగ్గుకి వదులుద్ది. దాన్ని అడగరేంది?"

"పెద్ద పరిశ్రమల విషయం పరిశీలనలో ఉందమ్మా. ముందు చిన్నవాటితో అనుభవం సంపాదించాలని నిర్ణయం."

"మంగలి కొత్తయితే మాలాటోళ్ల తలకాయలే దొరుకుతాయి" అంది సైదమ్మ. మార్కండేయులు గారు దాన్ని అంగీకారంగా రాసుకున్నారు.

బట్టీకి యాభై గజాల్లో నాసరయ్యదే ఒక పాడుబావి ఉంది. మోట తోలే రోజుల్లో తవ్వింది, నీళ్లు ఎప్పుడో ఎండిపోయాయి. ఆరు మట్ల లోతు, అంటే ఆరుగురు మనుషులు ఒకడి నెత్తిన ఒకడు నిలబడితే పైవాడి తల బయటికి కనబడుతుంది. మార్కండేయులు గారు బావిలోకి తొంగి చూసి, "ప్రకృతిసిద్ధమైన నిల్వ కుహరం" అన్నారు. ఆ మాటతో బావి ప్రభుత్వానిదైంది.

నెల తిరగకుండా బట్టీ నెత్తిన రేకుటోపీ పెట్టారు. టోపీ నుంచి బావి దాకా గొట్టం వేశారు. పొగను గొట్టంలోకి తోయడానికి ఒక డీజిలింజను బిగించారు. అది తిరుగుతుంటే ఊళ్లో కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. దాని గొట్టంలో నుంచి వచ్చే పొగ బట్టీ పొగ కన్నా నల్లగా ఉండేది.

"మరి ఈ పొగో?" అంది సైదమ్మ.

"అది మా విభాగం కిందికి రాదు" అన్నారు మార్కండేయులు గారు.

బావి నోటికి ఇనపమూత వేశారు. మూతలో చిన్న కిటికీ. పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు: ఇది వాయు నిల్వ ప్రదేశం. ఇచ్చట నిప్పు నిషేధం. ఇక పైవాళ్లు వచ్చినప్పుడు చూడముచ్చటగా ఉండాలని బావికి లోపలా బయటా సున్నం కొట్టమన్నారు. మన దేశంలో ఆఫీసరు వస్తున్నాడంటే చెట్ల మొదళ్లకే సున్నం కొడతారు. బావికి కొట్టరా? ఎస్టిమేట్లో మూడు పూతలు రాశారు. సున్నం నాసరయ్యదే. నీళ్లు పోస్తే బుసబుస ఉడికి, వెన్నలా విచ్చుకునే సున్నం. గోడలకు మూడు పూతలు కొట్టగా మిగిలింది తొట్లకు తొట్లు బావి అడుగునే కుమ్మరించి పోయారు కూలీలు.

సున్నం కాల్చేవాళ్లకు ఒక సంగతి తల్లిపాలతో వస్తుంది. సున్నాన్ని గాలికి వదలకూడదు. తడిగోనె కప్పి ఉంచాలి. వదిలేస్తే అది గాలి తిని, మళ్లీ రాయిగా బిగుసుకుపోతుంది. దాన్ని చచ్చిన సున్నం అంటారు. రాయిని కాల్చినప్పుడు ఏ గాలి పోతుందో ఆ గాలి కోసమే సున్నం జీవితమంతా నోరు తెరుచుకుని ఉంటుందని నాసరయ్య తండ్రి చెప్పేవాడు.

నాసరయ్య బావి అంచున నిలబడి, తెల్లగా మెరుస్తున్న గోడలు చూసి, నోరు తెరిచాడు.

"అయ్యా, సున్నం తాగుద్దండి."

"ఏం తాగుతుంది?"

"మీరు దాచేది."

మార్కండేయులు గారు చిరునవ్వు నవ్వారు. "సాంకేతిక అభిప్రాయాలేమన్నా ఉంటే లిఖితపూర్వకంగా, మూడు ప్రతుల్లో, సరైన మార్గం ద్వారా పంపుకోవాలి నాసరయ్యా."

నాసరయ్య నోరు మూసుకున్నాడు. ఆయన చెప్పవలసింది అయిపోయింది.

బావిలో వాయువు ఉందో లేదో తెలుసుకోవడం ఎట్లా అన్న ప్రశ్న వచ్చింది. దానికి తగిన యంత్రం టెండరులో ఉంది. అది వచ్చేదాకా ఊరి పద్ధతే పెట్టుకున్నారు. పాడుబావిలో దిగేముందు ఎవరైనా తాడుకు లాంతరు కట్టి దించుతారు. లాంతరు ఆరితే కింద చెడ్డగాలి ఉన్నట్టు. ఆరకపోతే మనిషి దిగొచ్చు. "దీపం ఆరితే వాయువు నిలిచినట్టు" అని మార్కండేయులు గారు సూత్రీకరించారు. నాసరయ్యను నిల్వ సంరక్షకుడిగా నియమించి ఒక ఈల, ఒక పుస్తకం ఇచ్చారు. రోజూ పొద్దున దీపం దించి, ఏమైందో ఆ రోజు గడిలో రాయాలి. ఈల ఎందుకని సైదమ్మ అడిగింది. వాయువు తప్పించుకుపోతుంటే ఊదడానికట.

బట్టీ ముట్టించారు. ఇంజను తిప్పారు. మూడు పగళ్లు పొగ బావిలోకి పోయింది. నాలుగో పొద్దున నాసరయ్య కిటికీ తెరిచి లాంతరు దించాడు. అడుగున అది దేవుడి గదిలో దీపంలా నిలకడగా వెలిగింది. పుస్తకంలో రాశాడు: వెలుగుతోంది.

మర్నాడూ వెలుగుతోంది. వారం తరవాతా వెలుగుతోంది. రెండో విడత సున్నం తీశారు, మూడో విడత తీశారు. పుస్తకం నిండా ఒకటే మాట.

మార్కండేయులు గారు వచ్చి పుస్తకం తిరగేసి తెల్లబోయారు. "గోడల్లో సందులున్నాయి" అన్నారు. ఇంకో మూడు పూతలు కొట్టించారు. మిగిలింది మళ్లీ అడుక్కే పోయింది. ఈసారి దీపం ఇంకా కాంతిగా వెలిగింది, గోడలు తెల్లగా ఉన్నాయి కాబట్టి.

"సందులు లేవు. ద్వారం ఒకటే. మూత తాళంచెవి నా దగ్గర ఉంది" అని వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. "అంటే చోరీ జరిగింది."

హెడ్డు కానిస్టేబులు ఏసుపాదం సైకిలేసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో గొడ్ల దొంగల్ని, తీగ దొంగల్ని పట్టినవాడు. నులకమంచం మీద కూచుని కాగితం తీశాడు.

"పోయిన సొత్తు రంగేంది సార్?"

"రంగు ఉండదు."

"వాసన?"

"ఉండదు."

"పొడుగు, వెడల్పు?"

"ఎందులో ఉంటే దాని ఆకారమే."

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"చూడటానికి వీలుకాని పదార్థం."

ఏసుపాదం కలం చెవికి పెట్టుకున్నాడు. "ఎవురూ చూడంది, ఉన్నదో లేదో తెలవంది, పోయిందంటన్నారు."

"దీపం ఆరలేదు గదా. అదే సాక్ష్యం."

"సరే సార్. ఇట్టాంటి సొత్తు కావాల్సినోడెవుడు, దీంతో పనున్నోడెవుడు, అది చెప్పండి. మిగతాది నేను చూసుకుంటా."

ఆ ప్రశ్నకు ఊరు మొత్తం మీద ఒకే జవాబు ఉంది. గోలీసోడా మీరావలి.

మీరావలిది తోపుడుబండి. నిమ్మకాయలు, ఉప్పు, పచ్చసీసాలు, సోడా పట్టే మర, మరకు గ్యాసుబండ. ఆ బండను చూడగానే మార్కండేయులు గారి కళ్లు మెరిశాయి.

"ఇందులో ఉన్నది బొగ్గుపులుసు వాయువేనా?"

"నాకు తెలవదు సార్. సోడా గ్యాసు. పట్నం నించి తెప్పిస్తా."

"ఏసుపాదం, ఇదే సొత్తు."

"నిజం చెప్పరా మీరావలీ" అన్నాడు ఏసుపాదం. "లేదంటే సున్నంలోకి ఎముక కూడా మిగలదు."

"సున్నం ఊళ్లో ఉండి ఆ మాట అనమాక బాబాయ్, భయమేస్తది. కావాలంటే నువ్వే చూడు, ఇది బావిలోదో బండలోదో." మీరావలి ఒక సీసా తీసి గోలీ నొక్కాడు. కీచుమంది. "తాగి చెప్పు."

ఏసుపాదం సాక్ష్యాన్ని గటగటా తాగాడు. కాసేపు అందరూ ఎదురుచూశారు. పెద్దగా తేన్పు వచ్చింది.

మార్కండేయులు గారు గబగబా రాసుకున్నారు: స్వాధీనపరచుకున్న వాయువు పంచనామా పూర్తికాక మునుపే పోలీసు సిబ్బంది ద్వారా వాతావరణంలోకి వెలువడినది.

రుజువు ఎగిరిపోయింది కాబట్టి మీరావలిని వదిలేశారు. కానీ ఉత్తర్వు ఒకటి పుట్టింది. ఇకమీదట కంకరపాలెంలో ఎవరు సోడా కొట్టినా, తాగినా, తేన్చినా బావి కిటికీ దగ్గరే జరగాలి. మీరావలి బండి తెచ్చి బావి పక్కనే పెట్టుకున్నాడు. ముందు ఏడుపుమొహం పెట్టాడు గాని, వారంలో వ్యాపారం పుంజుకుంది. ఏసుపాదం బందోబస్తు పేరుతో రోజూ వచ్చి, కిటికీలోకి వంగి, విధి నిర్వహించి పోతున్నాడు.

అయినా దీపం వెలుగుతూనే ఉంది.

పుష్యమాసం వచ్చింది. గడువు ఇంకో నెల. మార్కండేయులు గారికి నిద్ర పట్టడం లేదు. ఈ బావి గురించి ఆయన పైకి అప్పటికే నాలుగు నివేదికలు పంపి ఉన్నారు. వాటి ప్రకారం బావిలో మూడు వంతులు నిండింది.

"ఉత్పత్తి చాలటం లేదు" అన్నారు. "బట్టీ నాలుగు రోజులకోసారి చల్లారుతోంది. ఎందుకు?"

"సున్నం తియ్యాలి గదండీ" అంది సైదమ్మ.

"సున్నం మీ సొంత వ్యవహారం. విభాగానికి కావలసింది పొగ. రాయి వేయకండి. ఉత్త బొగ్గు వేసి ఆపకుండా మండించండి."

"అసలు పొగ రాకూడదనే గదా సారూ మీరొచ్చింది?"

"పొగ రాకపోతే పట్టేది దేన్నమ్మా?" అన్నారాయన, ఓర్పుగా.

ఆ నెల బట్టీలోకి రాయి వెళ్లలేదు. మిట్ట మీద నాసరయ్య ఉత్త బొగ్గు ఎగదోస్తూ కూచున్నాడు. సున్నం కోసం బళ్లు కట్టుకుని వచ్చినవాళ్లు పొగ చూసి ఆశపడి, కింది కంతలో బూడిద చూసి తిట్టి పోయారు. మార్కండేయులు గారు మాత్రం పాతసున్నం ఎక్కడున్నా కొనిపించి, వారం వారం బావికి పూతలు కొట్టిస్తూనే ఉన్నారు. అడుగున అది మోకాటి ఎత్తు పేరుకుంది.

పొగ చాలలేదు. అప్పుడు ఊరందరినీ బావి దగ్గర సమావేశపరిచి ఆయన ప్రసంగించారు.

"ప్రజలారా. బొగ్గుపులుసు వాయువు బట్టీలో మాత్రమే లేదు. మీ ఊపిరిలో ఉంది. ప్రతి పౌరుడూ ఒక చిన్న పొగగొట్టమే. రేపటి నుంచి ప్రతి ఇంటికీ ఒకరు చొప్పున పొద్దున అరగంట ఈ కిటికీలోకి ఊపిరి విడిచిపెట్టి జాతికి తోడ్పడాలి."

మర్నాటి నుంచి కిటికీ దగ్గర వరస కట్టారు. ముసలివాళ్లకు ముక్కాలిపీట వేశారు. సైదమ్మ తన అరగంట ఊపిరి వదలమంటే, వంగి, బావిలోకి అరగంట సేపు మార్కండేయులు గారిని తిట్టింది. మాట్లాడితే వాయువు ఎక్కువ వెలువడుతుందని ఆమెను ఆదర్శంగా చూపించారు. నాసరయ్య వంతు వచ్చినప్పుడు ఆయన మామూలుగానే ఊరుకున్నాడు. ఉత్పాదకత బొత్తిగా తక్కువగా ఉందని ఆయన పేరు కింద ఎర్రగీత గీశారు.

కమిటీ వచ్చే ముందు సాయంత్రం ఒక లారీ వచ్చింది. అందులో షామియానా, కుర్చీలు, బంతిపూల దండలు. లారీ వెనకే పసుపుపచ్చ బుల్డోజరు. ఏది అవసరమైతే అది వాడతారు. బుల్డోజరును బట్టీకి పది గజాల దూరంలో, మూతి బట్టీ వైపు పెట్టి నిలిపారు.

సైదమ్మ అది చూసి ఒక్కసారిగా చప్పబడింది. ఇంటి అరుగు మీద భర్త పక్కన కూలబడింది.

"రేపటితో మామ కట్టిన బట్టీ పోద్దంటావా?"

నాసరయ్య చుట్ట కొన కొరికాడు.

"ఆ సున్నం సంగతి మళ్లీ చెప్పరాదయ్యా. ఈసారి ఇంటారేమో."

"చెప్పా గదే."

"అది అప్పుడు. నీ పట్టుదల తగలెయ్య, ఇంకోసారి చెబితే నోరు అరుగుద్దా?"

నాసరయ్య లేచి వెళ్లి, లాంతరు అద్దం ముగ్గుపొడి పెట్టి తుడిచాడు. వత్తి కత్తిరించాడు. నూనె నిండుగా పోశాడు. తనంతట ఆరిపోయే దొంగదీపం దించే అలవాటు ఆ ఇంట్లో లేదు.

పొద్దున కమిటీ వచ్చింది. అధ్యక్షులు పెద్దాయన, నడుంనొప్పి. కుర్చీ వేసి బావి అంచునే కూచోబెట్టారు. మార్కండేయులు గారు నివేదిక చదివారు. వరసలో నిలబడి ఊపిరి ఇచ్చిన ఊరి ప్రజల్ని పరిచయం చేశారు. ఏసుపాదం సెల్యూటు చేసి, తేన్పు ఆపుకున్నాడు.

"ఇక దీపం దించండి" అన్నారు అధ్యక్షులు.

నాసరయ్య లాంతరు వెలిగించి, కిటికీలో నుంచి తాడు వదిలాడు. ఒక మట్టు. రెండు మట్లు. మార్కండేయులు గారి పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికో మొక్కుకుంటున్నట్టున్నారు. ఆరో మట్టులో తాడు సడలింది. పద్దెనిమిది పూతల సున్నం మీద లాంతరు వెలుతురు పడి, బావి పెళ్లిపందిరిలా ధగధగలాడింది.

"వెలుగుతోందే" అన్నారు అధ్యక్షులు.

బుల్డోజరు డ్రైవరు ఆ మాట విని తన వంతు వచ్చిందనుకుని ఇంజను స్టార్టు చేశాడు. నాసరయ్య తాడు వదలకుండానే బట్టీ వైపు తిరిగాడు.

తెలిసే అందో, భయంతో అందో, సైదమ్మ గట్టిగా అంది. "సారూ, ఇందులో గ్యాసు ఉందంటన్నారు. మీరేమో నిప్పు దించారు. మీ కుర్చీ దాని అంచున ఏశారు. పేలదు గదా?"

అధ్యక్షులు నడుంనొప్పి మరిచి లేచారు. చుట్టూ చూశారు. ఎదురుగా బోర్డు: ఇచ్చట నిప్పు నిషేధం.

"మార్కండేయులు గారూ, ఈ బోర్డు ఎవరిది?"

"మన విభాగానిదేనండి."

"మన బోర్డు ముందే మన నిబంధన ఉల్లంఘిస్తున్నామా? నన్ను కూచోబెట్టి? వెంటనే ఆ దీపం పైకి లాగండి. నియమానుసారం పరీక్ష నిప్పు లేకుండా జరగాలి."

మార్కండేయులు గారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం విప్పారింది. "చిత్తం. వెలిగించని దీపంతో పరీక్ష."

నాసరయ్య లాంతరు పైకి లాగి, ఊదేసి, మళ్లీ దించాడు. ఆయన పని దించడం. ఒక మట్టు, రెండు మట్లు, ఆరు మట్లు.

"ఇప్పుడు దీపం వెలుగుతోందా?" అన్నారు అధ్యక్షులు.

"లేదండి" అన్నారు సభ్యులు ముక్తకంఠంతో.

"అడుగున మాత్రమే లేదా, మధ్యలో కూడా లేదా?"

"పైదాకా ఎక్కడా వెలగలేదండి."

"అంటే పైదాకా నిండింది. రాసుకోండి."

చప్పట్లు మోగాయి. బుల్డోజరు ఇంజను ఆపారు. దండలు పడ్డాయి. అధ్యక్షులకు ఒకటి, మార్కండేయులు గారికి ఒకటి, బావి మూతకు ఒకటి. మిగిలినదాన్ని ఏసుపాదం మెడలో వేశారు, బావికి ఎక్కువగా సమర్పించింది ఆయనే కాబట్టి. నాసరయ్య చేతికి ధ్రువపత్రం ఇచ్చారు. సైదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇక బట్టీకి రాయి ఎత్తొచ్చా సారూ?" అంది.

మార్కండేయులు గారు ధ్రువపత్రం వెనకవైపు తిప్పి చూపించారు. "రెండో పేరా చూడండి. బావి పూర్తిగా నిండినది. కాబట్టి ఇకమీదట వచ్చే పొగను ఉంచడానికి స్థలం లేదు. కాబట్టి బట్టీ వెలిగించడం నిషేధించడమైనది."

"అదేంది సారూ. బావి నిండకపోతే కూలుస్తామంటిరి. నిండితే మూస్తామంటన్నారు."

"కూల్చడానికీ మూయడానికీ చాలా తేడా ఉందమ్మా. బట్టీ చెక్కుచెదరకుండా ఉంటుంది. వెలగదు, అంతే."

అప్పుడు నాసరయ్య నోరు తెరిచాడు. పరిచయమున్నవాళ్లందరూ అటు తిరిగారు.

"బావి ఖాళీ చేస్తే?"

మార్కండేయులు గారు మూడో పేరా వెతికారు. "నిల్వ ఖాళీ అయినట్టు రుజువైన పక్షంలో నిరభ్యంతరంగా వెలిగించుకోవచ్చు. ఖాళీ చేసే పద్ధతి యజమాని విచక్షణకు వదిలేయడమైనది. అంటే, ఆ భాగం విభాగం ఇంకా ఆలోచించలేదు."

"రుజువు?"

"దీపం వెలగాలి."

నాసరయ్య ధ్రువపత్రం మడిచి బొడ్లో దోపుకున్నాడు. సాయంత్రానికి జీపులు, లారీ, బుల్డోజరు వెళ్లిపోయాయి. రేకుటోపీని, డీజిలింజనును కూడా తీసుకుపోయారు. అవి ఇంకో ఊళ్లో ఇంకో బావికి కావాలట. మర్చిపోయి వదిలేసినవి బోర్డు, ఈల, పుస్తకం, మూత తాళంచెవి.

మర్నాడు పొద్దున నాసరయ్య పలుగు, గంపలు, లాంతరు తీసుకుని బావి దగ్గరికి వెళ్లాడు. మీరావలి అప్పుడే బండి సర్దుకుంటున్నాడు. ఏసుపాదం సోడా కోసం ముందే వచ్చి ముక్కాలిపీట మీద కూచుని ఉన్నాడు.

నాసరయ్య మూత తీసి లాంతరు దించాడు. అది ఎప్పట్లాగే వెలిగింది. తాడు పట్టుకుని దిగాడు.

"మామా, నిండు బావి. పోతావు. కాగితం మీద రాసుంది" అన్నాడు మీరావలి.

కింది నుంచి పలుగు దెబ్బ వినబడింది. ఖంగుమంది, రాయి మీద పడ్డట్టు. అడుగున వెన్నలా పోసిన సున్నం ఇన్ని నెలలు బట్టీ పొగ తాగి, ఊరి ఊపిరి తాగి, ఏసుపాదం తేన్పులు తాగి, చచ్చి రాయయి ఉంది. నాసరయ్య దాన్ని పెళ్లలు పెళ్లలుగా లేపి గంపలకెత్తాడు. మీరావలి, సైదమ్మ గిలక మీద లాగారు. నలభై గంపలు వచ్చాయి. గోడల మీది పద్దెనిమిది పూతలు గీకితే ఇంకో ఆరు.

పైకి వచ్చి, వరస పెళ్లలు, వరస బొగ్గు, మళ్లీ వరస పెళ్లలు బట్టీలో పేర్చాడు. బావిలో వెలుగుతున్న లాంతరు పైకి లాగి ఏసుపాదానికి చూపించాడు. ఏసుపాదం నిండు బావిలో దీపం వెలిగినట్టు సాక్షి సంతకం పెట్టాడు. ఆ లాంతరు నిప్పుతోనే నాసరయ్య బట్టీ ముట్టించాడు. రాజుకోవడానికి కాస్త సమయం పట్టింది. పొగ టోపీ లేని నోటి నుంచి నిటారుగా పైకి లేచింది.

"మరి బావిలో దాచిందంతా యాడికి పోయినట్టయ్యా?" అంది సైదమ్మ.

నాసరయ్య గడ్డంతో పొగ వైపు చూపించాడు. ఆ తరవాత బావి గట్టు మీద కూచుని, పుస్తకం తెరిచి, ఆ రోజు గడిలో ఖాళీ అని రాసి, లాంతరు ఊదేశాడు.